చైనా ఖడ్గవీర చిత్రాలు – ఒక పండితుని పునర్విచారం

ఒక బాకీ తీర్చుకోవడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ధనరూపమైన బాకీ కాదు. ఒక ప్రశ్నకు ఇవ్వవలసిన సమాధానం, అడిగిననాడు ఇవ్వనిది.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా పనిచేస్తున్న రోజులవి. తొమ్మిదవ తరగతి పిల్లలిద్దరు మధ్యాహ్నం నా పీరియడు ఎగగొట్టి, బజారులోని సినిమాహాలుకు మ్యాట్నీ ఆటకు వెళ్ళారు. ఏదో చైనావాళ్ళ కత్తియుద్ధాల సినిమా. మరునాడు ఇద్దరినీ బల్ల ఎక్కించాను. “చెట్లమీద ఎగురుతూ కత్తులు తిప్పేవాళ్ళను చూసి మీరేం బాగుపడతార్రా?” అన్నాను. వారిలో ఒకడు, తల వంచుకొనే, “హనుమంతుడు సముద్రం మీద ఎగిరితే పద్యం అప్పజెప్పించుకుంటారు గదా మాస్టారూ, వాళ్ళు చెట్టుమీద ఎగిరితే తప్పెట్లా అవుతుందండీ?” అన్నాడు. తరగతి అంతా గొల్లుమంది. నేను బెత్తంతో జవాబు చెప్పాను.

ఆ జవాబు తప్పని ఆనాడే తెలుసు. కాంతారావు గారి కత్తియుద్ధాలు చూసి వచ్చి, కొబ్బరిమట్ట చెక్కి కత్తి చేసుకొని, అరుగుమీదినుండి దూకి మోకాలు చీల్చుకొన్నవాడినే నేనూను. విఠలాచార్య తీసిన ‘గురువును మించిన శిష్యుడు’ (1963) మా ఊరి టూరింగు టాకీసుకు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ నేలమీద కూర్చొని చూశాను. తరువాత పండిత శిక్షణకు వెళ్ళి, నాలుగు అలంకారశాస్త్ర గ్రంథాల పేర్లు నోటికి వచ్చాక, ఆ ముచ్చట ఎవరితోనూ చెప్పుకోలేదు. జానపద చిత్రమంటే ముఖం చిట్లించడం పాండిత్య లక్షణమని అనుకొనేవాళ్ళం.

పదవీ విరమణ చేసిన చాలా కాలానికి, ఒక వేసవి సెలవులలో మా మనుమడు తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ చూపించాడు. అది మొదలు దొరికిన చిత్రమల్లా చూస్తూ, వాటి వెనుకటి చరిత్రను ఆంగ్లానువాదాల సాయంతో చదువుకొంటూ వస్తున్నాను.

ఈ కోవ కథలను చైనావారు ‘వూషియా’ అంటారు. ‘వూ’ అంటే యుద్ధవిద్య. ‘షియా’ అనే మాటకు తెలుగులో ఒక్క పదం చెప్పడం కష్టం. వీరుడు అంటే చాలదు. రాజు పంపితే యుద్ధానికి పోయేవాడూ వీరుడే. షియా ఒకరి కొలువులో ఉండడు. ఆడిన మాటకు ప్రాణమిస్తాడు, ఆర్తుని పక్షాన కత్తి దూస్తాడు, రాజశాసనాన్ని లక్ష్యపెట్టడు. ఇతడు తిరిగే లోకానికి ‘జియాంగ్‌హు’ అని పేరు. మాటకు మాట అర్థం చెబితే ‘నదులూ సరస్సులూ’. పడవవాళ్ళు, గారడీవాళ్ళు, సన్న్యాసులు, దొంగలు, పూటకూళ్ళ ఇళ్ళవాళ్ళు కలిసి ఉండే, రాజ్యంలోనే ఉండి రాజ్యానికి అందని ప్రపంచం అది. షియా అనే భావన రెండువేల సంవత్సరాలకు మించి పాతది గాని, వూషియా అనే సమాసం మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో జపానునుండి వచ్చి చేరిన కొత్త సరుకే.

క్రీ.పూ. మూడవ శతాబ్దివాడైన హాన్ ఫెయ్ అనే రాజనీతిజ్ఞునికి ఈ షియాలంటే గిట్టదు. రాజ్యానికి చేటు తెచ్చేవారిని లెక్కపెడుతూ, వ్రాతలతో శాసనాలను గందరగోళం చేసే పండితులనూ, కత్తులతో నిషేధాలను అతిక్రమించే షియాలనూ అతడు ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబెట్టాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. బల్లమీద నిలబడిన పిల్లవాడినీ, బెత్తం పట్టుకొన్న పండితుడినీ ఒకే గాటన కట్టినట్లయింది.

షియాలకు చరిత్రలో గౌరవస్థానం ఇచ్చినవాడు సిమా చియెన్. చైనా చరిత్రకారులలో అగ్రగణ్యుడు, క్రీ.పూ. మొదటి శతాబ్దివాడు. శత్రువులకు పట్టుబడిన ఒక సేనాపతి పక్షాన నిండుసభలో మాట్లాడినందుకు చక్రవర్తి ఆగ్రహించి ఇతనికి పుంస్త్వం తొలగించే శిక్ష వేయించాడు. విడిపించుకొనేందుకు ధనం లేదు, మిత్రులెవరూ నోరు విప్పలేదు. ఆ అవమానాన్ని దిగమింగి గ్రంథాన్ని పూర్తిచేశాడు. అందులో సంచార వీరులకొక అధ్యాయం, రాజులను చంపబోయిన హంతకులకొక అధ్యాయం కేటాయించాడు. తనకోసం ఒక్కరైనా ముందుకు రాని దుఃఖమే, పరులకోసం ప్రాణాలకు తెగించేవారిమీద అతనికి అంత ఆదరం కలిగించిందేమోనని నాకనిపిస్తుంది.

అయితే అతడు కళ్ళు మూసుకొని పొగడలేదు. ఆ అధ్యాయంలో కువో చియె అనే వాని కథ ఉన్నది. పొట్టివాడు, సామాన్యమైన రూపం, మద్యం ముట్టడు. యౌవనంలో ఎందరినో చంపి, వయసు ముదిరాక మర్యాదస్తుడై, తగవులు తీరుస్తూ పెద్దమనిషిగా చలామణి అవుతున్నాడు. ఒకనాడు ఒక పండితుడు ‘చట్టాన్ని ఉల్లంఘించేవాడు సజ్జనుడెట్లా అవుతాడు?’ అనే అర్థం వచ్చేటట్లు అతనిని ఆక్షేపించాడు. కువో చియె అనుచరుడొకడు విని, ఆ పండితుణ్ణి చంపి నాలుక కోశాడు. చంపినదెవరో కువో చియెకు తెలియదు, నిజంగానే తెలియదు. విచారణాధికారులు నిర్దోషి అన్నారు. కాని ఒక మంత్రి అడ్డుపడ్డాడు. సామాన్యుడై ఉండి, తన పేరు చెప్పుకొని ఇతరులు హత్యలు చేసేటంతటి ప్రాబల్యం సంపాదించడమే నేరం, తనకు తెలియకుండా హత్య జరగడం తాను స్వయంగా చంపినదానికంటె ఘోరం అని వాదించాడు. కువో చియె వంశమంతా నిర్మూలమైంది.

ఈ కథలో ఎవరి పక్షం వహించాలో నేటికీ నాకు తేలలేదు. ఆ మంత్రి వాదంలో క్రౌర్యమున్నది, కాని నాలుక కోయించుకొన్నవాడు నావంటి బడిపంతులు. వూషియా చిత్రాల బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క కథలో ఉన్నాయి. చట్టం చేయలేని న్యాయం ఒకడు చేస్తాడు. వాని వెనుక నడిచేవాళ్ళు ఏం చేస్తారో మాత్రం ఎవరూ అడగరు.

థాంగ్ రాజుల కాలంలో ఈ వీరగాథలకు అద్భుతరసం తోడైంది. తొమ్మిదవ శతాబ్దంలో పెయ్ షింగ్ వ్రాసిన నియె యిన్‌నియాంగ్ కథ అందుకు మంచి ఉదాహరణ. సేనాపతి కూతురు పదేళ్ళ పిల్లను ఒక సన్న్యాసిని ఎత్తుకుపోయి అయిదేళ్ళు విద్య నేర్పుతుంది. పిల్ల తల వెనుకభాగంలో బాకు దాచుకొని, ఎవరికీ కనబడకుండా పోయి తలలు తెచ్చే స్థితికి వస్తుంది. చచ్చినవాళ్ళను నీరుగా మార్చే మందు, కాగితపు గాడిదలు – విఠలాచార్యకు దొరికితే వదిలేవారు కాదు! ఒకచోట ఆ పిల్ల, చంపవలసినవాడు తన బిడ్డను ఆడిస్తూ ఉండడం చూసి చెయ్యాడక ఆలస్యం చేస్తుంది. గురువు కోప్పడి, ఇకమీదట ముందు వాడు ప్రేమించేదాన్ని చంపి తరువాత వాణ్ణి చంపమంటుంది. ఈ ఘట్టాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను, మళ్ళీ వస్తాను.

ఇక చలనచిత్రం. 1928లో షాంఘైలోని మింగ్‌షింగ్ సంస్థ ‘ఎర్రతామర ఆలయ దహనం’ అనే చిత్రాన్ని విడుదల చేసింది. దర్శకుడు జాంగ్ షిచువాన్. మూలం షియాంగ్ కైరాన్ ధారావాహిక నవల. చిత్రం ఎంతగా ఆడిందంటే 1931 లోగా దానికి పద్ధెనిమిది భాగాలు తీశారు. కథానాయికగా హు దియె వచ్చి చేరింది. తీగలు కట్టి నటులను ఎగరేశారు, ఖడ్గాలనుండి వెలువడే కాంతులను బొమ్మలుగా గీసి ఫిల్ముమీద కలిపారు. ఇది చూసి చిన్నా పెద్దా సంస్థలన్నీ ఇదే బాట పట్టి, ఆ మూడు నాలుగేళ్ళలో రెండువందలకు పైగా ఇటువంటి చిత్రాలు తీశాయి. పిల్లలు ఇల్లు విడిచి, గురువులను వెదుక్కొంటూ కొండలకు బయలుదేరుతున్నారనే వార్తలు పుట్టాయి. 1931లో జాతీయ ప్రభుత్వపు సెన్సారు సంఘం మూఢవిశ్వాసాలను పెంచుతున్నదని ఈ చిత్రాన్ని నిషేధించింది. ఆ పద్ధెనిమిది భాగాలూ నేడు దాదాపుగా నశించిపోయాయి.

ప్రఖ్యాత నవలాకారుడు మావో దున్ 1933లో ఈ చిత్రాలపై ఒక విమర్శ వ్రాశాడు. ఇవి చిన్న మధ్యతరగతివారికి పోసే భూస్వామ్యపు మత్తు అని అతని అభియోగం. తమకు చేతకాని న్యాయాన్ని ఎవడో ఎగిరివచ్చి చేసిపెడతాడని ఎదురుచూస్తూ కూర్చుంటారు, చేయవలసినది చేయరు అని. నేను బల్ల ఎక్కించిన పిల్లలతో అన్నదీ ఇంచుమించు ఇదే, ఇంత చక్కగా కాకపోయినా. కాని మావో దున్‌లో నాకు నచ్చినదొకటున్నది. అతడు హాలులో కూర్చొని చూశాడు. కత్తులు తలపడగానే జనం ఎట్లా ఊగిపోయారో, తెరమీది నీడలను నిజమైన మనుషులనుకొని ఎట్లా కేకలు పెట్టారో వర్ణించాడు. తాను నిందించే వస్తువుకున్న శక్తిని దాచలేదు. నేను ఆ పిల్లలు చూసిన సినిమా చూడకుండానే కొట్టాను.

ఆ మూకీ యుగంనుండి మిగిలినవాటిలో ‘ఎర్ర వీరవనిత’ (1929) ఒకటి. సైనికుల దాడిలో అవ్వను పోగొట్టుకొని, దొంగల నాయకునికి చిక్కిన ఒక పల్లెటూరి పిల్లను వృద్ధ గురువొకడు కాపాడి, విద్య నేర్పుతాడు. మూడేళ్ళకు ఆమె పొగమబ్బులా వచ్చి పగ తీర్చుకొంటుంది. చెప్పదలచినది స్త్రీ పరాక్రమమే. అయితే దొంగల గుహలో అర్ధనగ్నంగా స్త్రీలను నిలబెట్టి కెమెరా వాళ్ళను తీరికగా చూస్తుంది. నీతి చెబుతూ నీతిమాలినది చూపించి డబ్బు చేసుకోవడం ఏ దేశపు సినిమాకూ కొత్త కాదనుకోండి.

చైనాలో 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడ్డాక ఈ సాహిత్యానికి అక్కడ చోటు లేకుండా పోయింది. హాంగ్‌కాంగ్ దాన్ని ఆదుకొన్నది. 1954 జనవరిలో ఇద్దరు యుద్ధవిద్యా గురువులు, ఒకరు తాయ్‌చీ, మరొకరు శ్వేతక్రౌంచ సంప్రదాయం, మకావులో బహిరంగంగా పోటీపడ్డారు. పోటీ కొద్ది నిమిషాలలో ఫలితం తేలకుండానే ముగిసింది గాని, జనం వేడి చల్లారలేదు. అది కనిపెట్టిన ఒక సాయంకాల పత్రిక కొద్దిరోజులలోనే లియాంగ్ యూషెంగ్ చేత వూషియా ధారావాహిక మొదలుపెట్టించింది. మరుసటి ఏడు జిన్ యోంగ్ కలం పట్టాడు. 2018లో కన్నుమూసిన ఈ జిన్ యోంగ్‌ను చైనీయులు చదివినంతగా ఆ శతాబ్దంలో మరొక కథకుణ్ణి చదివి ఉండరు. చిత్రమేమంటే, ఆయన తన ఆఖరి నవలకు కత్తి పట్టడం రాని, వేశ్యావాటికలో పుట్టిన, నోటిమాటతో నెట్టుకొచ్చే ఒక కొంటెవాణ్ణి నాయకుణ్ణి చేసి, ఆపైన కొత్త నవల వ్రాయలేదు.

ఇప్పుడు నాకు అత్యంత ప్రియమైన దర్శకుని దగ్గరకు వచ్చాను. పేరు కింగ్ హూ. బీజింగులో పుట్టి, హాంగ్‌కాంగ్ చేరి, 1966లో ‘కమ్ డ్రింక్ విత్ మీ’, 1967లో తైవానులో ‘డ్రాగన్ ఇన్’, 1971 నాటికి ‘ఎ టచ్ ఆఫ్ జెన్’ తీశాడు. మొదటి చిత్రపు నాయిక చెంగ్ పెయ్‌పెయ్ నాట్యం నేర్చిన పిల్ల. ఆమె పూటకూటింట పురుషవేషంలో కూర్చొని ఉండగా దొంగలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరే ఘట్టంలో, కత్తి బయటికి రాకముందే నా గుండె కొట్టుకోవడం మొదలైంది. నేపథ్యంలో బీజింగు సంగీతనాటకపు కంచుతాళాలు, చెక్క చిడతలు. మన వీథినాటకంలో పాత్ర ప్రవేశానికి ముందు మద్దెల చేసే పనే అవి చేస్తాయి.

కింగ్ హూ రహస్యం కూర్పులో ఉన్నది. నటుడు స్ప్రింగుపట్టీమీద కాలు మోపి ఎగురుతాడు. ఆ పట్టీ మనకు కనబడదు. ఎగిరే దేహం తెరమీద లిప్తపాటు ఉంటుంది, చూశామో లేదో తెలియకముందే మాయమవుతుంది. పూర్తిగా చూపితే అబద్ధమని తెలిసిపోయేదాన్ని సగం చూపి, మిగిలిన సగం మన ఊహచేత పూరింపజేస్తాడు. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని ఇదే కదా! వాచ్యం చేస్తే చప్పబడేది వ్యంగ్యంలో రసమవుతుంది. ‘ఎ టచ్ ఆఫ్ జెన్’లో వెదురువనపు యుద్ధం తెరమీద పది నిమిషాలు, తీయడానికి ఇరవై అయిదు రోజులు పట్టిందట. ఆ చిత్రానికి 1975లో కాన్ ఉత్సవంలో సాంకేతిక నైపుణ్యానికి బహుమతి వచ్చింది.

కాని ఆ చిత్రాన్ని నేను ఇన్నిసార్లు చూసింది వెదురువనం కోసం కాదు. అందులో నాయకుడు ఖడ్గధారి కాడు. ఊళ్ళో బొమ్మలు వేసి, వ్రాతపని చేసి పొట్టపోసుకొనే ఒక చదువరి. ముప్పై ఏళ్ళు దాటినా పెళ్ళి లేదు, పరీక్షలకు పోయి ఉద్యోగం సంపాదించడని తల్లి పోరు. నాకు బాగా ఎరిగినవాడిలా అనిపించాడు. ఇతడు, పారిపోయి వచ్చిన ఒక వీరవనితకు సాయంగా, పాడుబడ్డ కోటలో దయ్యాలున్నాయని పుకారు పుట్టించి, బొమ్మలూ ఉచ్చులూ అమర్చి శత్రుసేనను ఒక్క రాత్రిలో నాశనం చేయిస్తాడు. తెల్లవారగానే తన పన్నాగాలు ఎంత బాగా పారాయో ఒక్కొక్కటే చూసుకొంటూ, పడీ పడీ నవ్వుతూ నడుస్తాడు. నడుస్తూ నడుస్తూ శవాల మధ్యకు వస్తాడు. నవ్వు ఆగిపోతుంది.

ఈ ఒక్క ఘట్టం చూస్తే, తక్కిన వూషియా చిత్రాలలో లోపమేమిటో తెలుస్తుంది. వాటిలో శవాలకు లెక్క ఉండదు. నాయకునికి గాయమైతే అయిదు నిమిషాల శోకం. అతని కత్తికి తెగిన నలభైమంది జీతగాళ్ళకు పేరుండదు, ఊరుండదు, ఇంటి దగ్గర ఎదురుచూసేవారుండరు. జీవితమంతా మాట నిలుపుకోవడం గురించి ఉపన్యసించే వీరుడు, పూటకూటింటివాని బల్లలూ కుండలూ పగులగొట్టి నష్టపరిహారమైనా ఇవ్వడు.

చాంగ్ చే దారి వేరు. అతని ‘వన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్’ (1967) హాంగ్‌కాంగ్‌లో పది లక్షల డాలర్లు వసూలు చేసిన మొదటి చిత్రమని ప్రసిద్ధి. గురువును కాపాడుతూ సేవకుడొకడు చనిపోతాడు. వాని కొడుకును గురువు శిష్యునిగా పెంచుతాడు. ధనికులైన తోటి శిష్యులు ఎగతాళి చేస్తారు. ఒక మంచురాత్రి గురువు కూతురే పంతంకొద్దీ అతని కుడిచేయి నరుకుతుంది. ఏకలవ్యుని బొటనవ్రేలు జ్ఞాపకం వచ్చి నేను కాసేపు చిత్రం ఆపించాను. తేడా ఏమంటే, ఏకలవ్యుని కథ అక్కడితో మన పురాణానికి అవసరం లేకపోయింది. ఇక్కడ కథ అక్కడ మొదలవుతుంది. ఒక రైతుపిల్ల అతన్ని బ్రతికించి, తన తండ్రి విడిచిపోయిన ఖడ్గవిద్యా గ్రంథం ఇస్తుంది. అది సగం కాలిపోయింది. మిగిలిన సగంలో ఎడమచేతి విద్య ఉన్నది. ఆ ఎడమచేత్తోనే అతడు చివరికి గురువును కాపాడి, కత్తి వదిలి వ్యవసాయానికి వెళ్ళిపోతాడు. ఇంత చక్కని కథ చెప్పిన చాంగ్ చే, తరువాత తరువాత నాయకుల పేగులు బయటపడేవరకు యుద్ధం చేయించి, స్త్రీ పాత్రలను మూలకు నెట్టి, నెత్తుటి ప్రవాహంలో పడిపోయాడు. ఆపై బ్రూస్ లీ వచ్చాడు, కత్తులు పోయి పిడికిళ్ళు వచ్చాయి.

1980, 90 దశకాలలో త్సుయ్ హార్క్ వంటివారు కత్తిని మళ్ళీ తెచ్చారు, దానితోపాటు పెనుగాలినీ తెచ్చారు. ‘స్వోర్డ్స్‌మన్ 2’ (1992) చూస్తున్నంతసేపూ ఎవరు ఎవరికి శత్రువో మనుమడు ఆపి ఆపి చెప్పవలసి వచ్చింది. మూలనవలలు సంవత్సరాల తరబడి పత్రికలలో నడిచినవి. వాటిని గంటన్నరలో కూరితే కథాసంవిధానం ఏమవుతుంది? నిర్వహణ సంధి చూపిద్దామంటే ముఖసంధే దొరకదు. దీనికి తోడు తీగలు. ప్రతివాడూ ప్రతిక్షణం ఎగురుతూ ఉంటే ఎగరడానికి విలువ పోతుంది. క్షేమేంద్రుడు ఔచిత్యమన్నది వీరికి ఎవరైనా చెప్పవలసింది.

ఇక్కడ ఆ పిల్లవాని ప్రశ్నకు సగం జవాబు. ఆ చిత్రాలలో మంచివాటిలో వీరులు నిజానికి ఎగరరు. దేహభారాన్ని తేలిక చేసుకొనే విద్య ఒకటున్నది, సాధనచేత వస్తుంది. మన యోగశాస్త్రం చెప్పిన అష్టసిద్ధులలో ‘లఘిమ’ అన్నమాట. కొమ్మమీదనో గోడమీదనో నీటిమీదనో కాలు ఆనించి లేస్తారు. ఆంజనేయుడు కూడా మహేంద్రగిరిని తొక్కి, కొండ అదిరేటట్లు పాదం ఊని లేచాడు. ఆ ఊతను అంత వర్ణించారు కాబట్టే మనం ఆ లంఘనాన్ని నమ్ముతాము. ఎగరడం తప్పు కాదు నాయనా. నేలను మరచి ఎగరడం కావ్యదోషం. ఇంత మాట ఆనాడు తోచి ఉంటే పిరియడంతా చక్కని అలంకారశాస్త్ర పాఠమయ్యేది.

ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్’ (2000) నాలుగు ఆస్కారులు గెలిచి ప్రపంచమంతా తిరిగింది. చైనీయులలో చాలామందికి మాత్రం నటుల ఉచ్చారణ మింగుడుపడలేదు. చౌ యున్‌ఫట్‌ది కాంటనీసు యాస. మలేసియాలో పుట్టిన మిషెల్ యో సంభాషణలను ధ్వనులుగా బట్టీపట్టింది. వారి బాధ నాకు బాగా అర్థమైంది. తెలుగు తెరమీద ళకారానికీ ణకారానికీ పడుతున్న గతి చూస్తూనే ఉన్నాముగదా. సరే, ఆ చిత్రంలో జేడ్ ఫాక్స్ అనే దుష్టపాత్ర ఉన్నది. వేసినది ముప్పై నాలుగేళ్ళ నాటి మన చెంగ్ పెయ్‌పెయ్. ఆమె ఒక మహాగురువును చంపి విద్యాగ్రంథం దొంగిలించింది. ఆ గురువు ఆమెను పక్కలోకి రానిచ్చాడు గాని, ఆడదని విద్య నేర్పలేదు. ఆమె గ్రంథంలోని బొమ్మలు చూసి ఏళ్ళ తరబడి సాధన చేసింది. అక్షరాలు చదవడం రాదు. ఆమె దగ్గర రహస్యంగా విద్య నేర్చే గవర్నరు కూతురికి చదువు వచ్చు. ఆ పిల్ల గ్రంథం చదివి, అందులో ఉన్నది గురువుకు చెప్పకుండా దాచి, గురువును మించిపోయింది. ఒకనాడు ఆ సంగతి బయటపడుతుంది. అప్పుడు చెంగ్ పెయ్‌పెయ్ ముఖం చూడాలి. ముప్పై ఏళ్ళు అక్షరాలు దిద్దించినవాడిని. చదువు రానివారి పౌరుషం ఎట్లా దెబ్బతింటుందో, ఆ దెబ్బ ఎట్లా విషమవుతుందో ఇంత సూటిగా చెప్పిన పాఠం మా వాచకాలలో లేదు. దానికి కారకుడైన మహాగురువును మాత్రం చిత్రంలో ఎవరూ గట్టిగా నిలదీయరు. పగ తీర్చుకోవలసినంతటి పుణ్యాత్ముడిగానే ఆయన మిగిలిపోతాడు.

దాని మూలనవల వ్రాసిన వాంగ్ దులు సంగతి తెలిశాక నాకు నిద్రపట్టలేదు. 1909లో బీజింగులో పేద మంచూ కుటుంబంలో పుట్టి, 1940 దశకంలో పత్రికలకు ఈ నవలలు వ్రాసి సంసారం ఈదుకొచ్చాడు. 1949 తరువాత కలం మూసేసి, షెన్‌యాంగ్‌లో ఒక ఉన్నత పాఠశాలలో చైనాభాషా బోధకునిగా చేరాడు. సాంస్కృతిక విప్లవకాలంలో పల్లెకు పంపించారు. 1977లో మరణించాడు. భాషాపండితుడు! ఖడ్గవీరుల గాథలు వ్రాసిన చేత్తో పిల్లల వ్యాసాలలో తప్పులు దిద్దుకొంటూ బ్రతికాడు. నేను కత్తి కథలకోసం పిల్లలను కొట్టిన వృత్తిలోనే ఆయనా ఉన్నాడు.

‘హీరో’ (2002) గురించి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. జాంగ్ యిమోవ్ తీసిన ఈ చిత్రమంత అందమైన వూషియా మరొకటి నేను చూడలేదు; ఇంత కలవరపెట్టినదీ లేదు. క్రీ.పూ. 227లో చిన్ రాజును చంపడానికి చింగ్ కె అనే సాహసికుడు పటంచుట్టలో బాకు దాచుకొని వెళ్ళాడు. రాజు చొక్కాచేయి పట్టుకొన్నాడు, చేయి చిరిగింది, రాజు స్తంభాలచుట్టూ పరుగెత్తి తప్పించుకొన్నాడు. సిమా చియెన్ ఈ ఘట్టాన్ని అద్భుతంగా వర్ణించాడు. ఆ రాజే క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకంచేసి తొలి చక్రవర్తి అయ్యాడు, 213లో గ్రంథాలను తగులబెట్టించాడు. ‘హీరో’లో హంతకుడు రాజుకు పది అడుగుల దూరంలో కూర్చొని, చంపగలిగి ఉండీ, దేశమంతా ఒక్కటి కావాలంటే ఈ రాజు బ్రతకాలని నిశ్చయించుకొని కత్తి వదిలేస్తాడు. చింగ్ కె ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఇతడు సఫలుడు కాగలిగి విరమించాడు. చట్టానికి లొంగనివాడే షియా అయితే, ఇది షియా చేతనే షియాతత్త్వాన్ని చంపించడం.

ఇందులో వ్రాతబడి ఘట్టమొకటున్నది. చిన్ సైన్యం బాణాలు వర్షంలా కురుస్తుంటే, వృద్ధ గురువు పిల్లలను లేవనీయకుండా కూర్చోబెట్టి, తాను కూడా కూర్చొని అక్షరాలు వ్రాస్తూనే ఉంటాడు. పిల్లలు బాణాలు తగిలి ఒరిగిపోతుంటారు. తొలిసారి చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. రెండవసారి చూసినప్పుడు ఒళ్ళు మండింది. ఏ గురువు పిల్లలను అట్లా కూర్చోబెడతాడు? అదే చిత్రంలో రాజు, ‘ఖడ్గం’ అనే అక్షరాన్ని వ్రాయడానికి పందొమ్మిది రీతులున్నాయని విని, అంత గందరగోళం దేనికి, దేశం ఏకమయ్యాక ఒక్కటే ఉంచి మిగిలినవన్నీ ఎత్తివేస్తానంటాడు. చిత్రం ఆ మాటను దూరదృష్టిగా చూపుతుంది. ఆ పందొమ్మిది రీతులలో ఒకటి నేర్చుకొంటూనే ఆ పిల్లలు చచ్చిపోయారు.

“తాతయ్యా, అది సినిమా. నువ్వు మరీ ఇదైపోతున్నావు” అన్నాడు మనుమడు. మావో దున్‌తో ఎవరైనా ఆ మాట అన్నారో లేదో.

నియె యిన్‌నియాంగ్ దగ్గరకు మళ్ళీ వస్తానన్నాను. 2015లో తైవాను దర్శకుడు హౌ షియావ్‌షియెన్ ఆ కథను ‘ది అసాసిన్’ పేర తీశాడు. కాన్‌లో ఉత్తమ దర్శకుని బహుమతి పొందాడు. పగ, రహస్యగ్రంథం, గాలిలో నాట్యం – ఏవీ లేవు. కత్తియుద్ధాలు మొత్తం కలిపినా కొన్ని నిమిషాలే. మిగిలినదంతా పట్టుతెరలు, దీపాలు, పొగమంచు, ఆకుల చప్పుడు. బిడ్డను చూసి ఆమె చెయ్యాడని ఆ పాత ఘట్టం మాత్రం ఉన్నది. థాంగ్ కథలో పిల్ల ఆలస్యంగానైనా చంపుతుంది. ఇక్కడ చంపదు. తరువాత తన బావను చంపమని పంపితే, అతని ఇంటి దూలాలమీద కూర్చొని, అతడు పిల్లలను ఆడించడం, భార్యతో తగవుపడడం చూస్తూ ఉంటుంది. చివరికి గురువు దగ్గరకు వెళ్ళి నావల్ల కాదని చెప్పి, అద్దాలకు మెరుగుపెట్టే ఒక సామాన్యునితో కలిసి, మేకల వెంట పొలాల దారిన నడిచి వెళ్ళిపోతుంది.

మనుమడు సగంలోనే నిద్రపోయాడు. నేను ధ్వని తగ్గించి చివరివరకు చూసి, వాడికి దుప్పటి కప్పాను.